నీటిని తాకాక ముప్పావు గంట

2025 జూలై 15, మధ్యాహ్నం 3 గంటల 1 నిమిషం. భారత వ్యోమగామి శుభాంశు శుక్లా, మరో ముగ్గురు వ్యోమగాములు కూర్చున్న ‘గ్రేస్’ క్యాప్సూల్ అమెరికాలోని శాన్ డియాగో తీరానికి ఆవల పసిఫిక్ మహాసముద్రంలో దిగింది. అక్కడ అప్పుడు తెల్లవారుజామున రెండున్నర. టీవీలో మనకు కనిపించింది చీకట్లో ఊగుతున్న నాలుగు పారాచూట్లు, వాటి కింద బూడిదరంగు చుక్కలాంటి క్యాప్సూల్, అంతే. అది నీళ్లను తాకగానే లక్నోలో ఆయన తల్లిదండ్రులు కళ్లు తుడుచుకున్నారు. మా ఇంట్లో మేము కూడా చప్పట్లు కొట్టాం.

ఆ తర్వాత చాలాసేపు ఏమీ జరగలేదు. పది నిమిషాలయింది, ఇరవై నిమిషాలయింది, అరగంట దాటింది. క్యాప్సూల్ చుట్టూ చిన్న పడవలు తిరుగుతూనే ఉన్నాయి, తలుపు మాత్రం తెరుచుకోలేదు. “దిగిపోయారు కదా, ఇంకా బయటికి రారేం?” అని అమ్మ అడిగింది. “ఏవో పరీక్షలు చేస్తారులే అమ్మా” అన్నాను. చివరికి ముప్పావు గంట దాటాక శుక్లా నవ్వుతూ బయటికి వచ్చారు. అమ్మకు నేను చెప్పింది అబద్ధం కాదు కానీ సమాధానమూ కాదు. ఆ ముప్పావు గంటలో ఏం జరిగిందో తెలియాలంటే ఆ క్యాప్సూల్ ఎక్కడి నుంచి, ఎంత వేగంతో, తనతో ఏమేమి మోసుకుని వచ్చిందో ముందు తెలుసుకోవాలి.

ఎత్తు కాదు, వేగం

శుక్లా బృందం ఉండి వచ్చిన అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం మన తల మీద సుమారు 400 కిలోమీటర్ల ఎత్తులో ఉంటుంది. ఇంచుమించు హైదరాబాద్ నుంచి తిరుపతికి విమానం వెళ్లే దూరం. ఇందులో భయపడాల్సింది ఏమీ లేదు. భయపడాల్సింది వేగం గురించి. ఆ కేంద్రం, దానికి అతుక్కుని ఉన్న క్యాప్సూల్ గంటకు 28,000 కిలోమీటర్ల వేగంతో భూమి చుట్టూ తిరుగుతుంటాయి. హైదరాబాద్ నుంచి విశాఖపట్నానికి మనకు రైల్లో ఒక రాత్రి పడుతుంది. ఆ వేగంతో అయితే నిమిషం పైచిలుకు చాలు.

కదిలే ప్రతి వస్తువులోనూ ఆ కదలిక వల్ల కొంత శక్తి ఉంటుంది. వేగం రెట్టింపైతే ఆ శక్తి నాలుగు రెట్లవుతుంది. కక్ష్యలో తిరిగే ఒక కిలో ఇనుప ముక్కను తీసుకుందాం. దాని వేగంలో దాగి ఉన్న శక్తినంతా వేడిగా మార్చగలిగితే సుమారు పన్నెండు లీటర్ల నీళ్లు బిందె అడుగంటేదాకా ఆవిరైపోతాయి. ఒక్క కిలోకే ఇంత. క్యాప్సూల్ బరువు టన్నుల్లో ఉంటుంది. ఆ శక్తిని మొత్తం ఎక్కడో ఒకచోట వదిలించుకుంటే తప్ప అది నేల మీద నిలబడలేదు. తిరుగు ప్రయాణం అంటే పడిపోవడం కాదు, పోగుచేసుకున్న వేగాన్ని చివరి పైసా వరకూ ఖర్చు పెట్టడం. ఎక్కడ ఎంత ఖర్చు పెట్టాలి, ఎవరితో పెట్టించాలి అన్నదే మొత్తం లెక్క.

ఇంజిన్లు మండించి ఆపవచ్చు కదా అనిపిస్తుంది. కానీ ఆ వేగాన్ని ఇవ్వడానికి పైకి వెళ్లేటప్పుడు ఐదు వందల టన్నులకు పైగా బరువున్న ఫాల్కన్ 9 రాకెట్ కావలసి వచ్చింది. అందులో చాలా భాగం ఇంధనమే. అదే పద్ధతిలో ఆపాలంటే అలాంటి శక్తే పైన కూడా కావాలి, దాన్ని అక్కడికి మోసుకెళ్లాలి. అది అయ్యే పని కాదు. అందుకే క్యాప్సూల్‌లోని చిన్న ఇంజిన్లు చేసేది చాలా కొద్ది పని. కేంద్రం నుంచి విడిపోయిన గ్రేస్ దాదాపు ఒక రోజు సొంతంగా కక్ష్యలో తిరిగింది. తర్వాత ప్రయాణ దిశకు ఎదురుగా ఇంజిన్లను పావుగంటకు అటూఇటూగా మండించింది. దానివల్ల తగ్గే వేగం సెకనుకు వంద మీటర్ల చిల్లర. సెకనుకు 7,700 మీటర్ల వేగంలో అది ఏ మూలకు? అయినా అంత చాలు. ఆ కాస్త తగ్గింపుతో కక్ష్య ఒక పక్క కిందికి వంగి వాతావరణం పైపొరను తాకుతుంది. మిగతా పని గాలి చూసుకుంటుంది.

ఆ తాకే కోణం చాలా ముఖ్యం. చెరువులో పలక రాయిని వాలుగా విసిరితే కప్పగంతులు వేస్తూ ఎక్కడికో పోతుంది. నిటారుగా విసిరితే దబ్బున మునుగుతుంది. క్యాప్సూల్ మరీ వాలుగా వస్తే అనుకున్న చోటు దాటి ఎంతో దూరం వెళ్లిపోతుంది. మరీ నిటారుగా వస్తే వేడి, బరువు రెండూ లోపలివాళ్లు తట్టుకోలేనంత పెరుగుతాయి. 1962లో స్కాట్ కార్పెంటర్ అనే అమెరికా వ్యోమగామి విషయంలో లెక్క కొంత తప్పింది. నౌక కాస్త పక్కకు తిరిగి ఉండగా ఇంజిన్లు కొన్ని సెకన్లు ఆలస్యంగా మండాయి. ఫలితంగా ఆయన దిగాల్సిన చోటికి 400 కిలోమీటర్ల అవతల అట్లాంటిక్‌లో దిగి, రబ్బరు తెప్పలో కూర్చుని నౌకల కోసం గంటల తరబడి ఎదురుచూశారు. ఇప్పటి క్యాప్సూళ్లలో బరువును కావాలనే కొద్దిగా ఒక పక్కకు అమర్చుతారు. దానివల్ల అవి గాలిలో ఏటవాలుగా నిలుస్తాయి. ఏటవాలుగా ఉన్న గాలిపటాన్ని గాలి పైకి నెట్టినట్లే వీటినీ కొంచెం నెడుతుంది. క్యాప్సూల్‌ను బొంగరంలా ఇటూ అటూ తిప్పుతూ ఆ నెట్టుడును వాడుకుని కంప్యూటర్ దాన్ని అనుకున్న చోటికి నడిపిస్తుంది. రెక్కలు లేకపోయినా అది పూర్తిగా గుడ్డిగా పడే వస్తువు కాదు.

మండే గాలి, కాలే కవచం

గాలి రాపిడి వల్ల క్యాప్సూల్ వేడెక్కుతుందని తరచూ చదువుతాం. అందులో నిజం కొద్దిగానే ఉంది. సైకిల్ చక్రానికి గాలి కొట్టేటప్పుడు పంపు కింది భాగం చేతికి చురుక్కుమంటుంది. అది ముఖ్యంగా గాలి నొక్కుకుపోవడం వల్ల వచ్చే వేడి. క్యాప్సూల్ ముందు జరిగేదీ ఇదే. పక్కకు తప్పుకునే వ్యవధి లేక గాలి దాని ముందు గోడలా పేరుకుని, నొక్కుకుపోయి, నిప్పులా మారుతుంది. క్యాప్సూల్ అడుగుభాగం దగ్గర వేడి 1,900 డిగ్రీల సెల్సియస్ దాకా వెళుతుంది. ఇనుము కరగడానికి 1,538 డిగ్రీలు చాలు.

ఇక్కడ మామూలు బుద్ధికి అందని విషయం ఒకటుంది. గాలిని చీల్చుకుని రావాలంటే ముందుభాగం సూదిలా ఉండాలని ఎవరికైనా అనిపిస్తుంది. 1950ల మొదట్లో రాకెట్ ఇంజినీర్లూ అలాగే అనుకున్నారు. కాలిఫోర్నియాలోని ఏమ్స్ పరిశోధన కేంద్రంలో పనిచేసిన హ్యారీ జూలియన్ అలెన్ అందుకు పూర్తిగా ఎదురు మాట చెప్పారు. ముందుభాగం మొద్దుగా, వెడల్పుగా ఉంటే గాలి గోడ వస్తువుకు ఆనుకోకుండా కొంచెం దూరంలో నిలుస్తుంది. పుట్టిన వేడిలో చాలా భాగం వస్తువులోకి రాకుండా చుట్టూ ఉన్న గాలితోనే వెనక్కి పోతుంది. చెరువులో మునివేళ్లతో నీళ్లను పొడిచి, తర్వాత అరచేతిని అడ్డంగా పెట్టి తోసి చూడండి. అరచేతి ముందు నీళ్లు ఎలా గుమిగూడతాయో కనిపిస్తుంది. క్యాప్సూళ్లు అడుగు వెడల్పుగా గంటలా ఉండడానికి కారణం అలెన్ ఆలోచనే. డెబ్బై ఏళ్లు దాటినా దాన్ని మించిన ఆకారం మనుషుల క్యాప్సూళ్లకు దొరకలేదు. ఆలోచించిన కొద్దీ అబ్బురంగానే ఉంటుంది.

అయినా కొంత వేడి లోపలికి రాకుండా ఉండదు. దాన్ని ఆపేది ఉష్ణకవచం. కార్బన్ పీచును ఒక రకం రెసిన్‌లో నానబెట్టి నాసా ఈ పదార్థాన్ని తయారుచేసింది. 2006లో తోకచుక్క ధూళిని తెచ్చిన స్టార్‌డస్ట్ క్యాప్సూల్‌ను కాపాడింది ఇదే. దాన్నే మార్చి స్పేస్ ఎక్స్ సంస్థ తన డ్రాగన్ క్యాప్సూళ్లకు వాడుతోంది. గ్రేస్ కూడా ఒక డ్రాగనే. మట్టి కుండలో నీళ్లు చల్లగా ఎందుకుంటాయి? గోడలోంచి చెమర్చిన నీరు ఆవిరవుతూ తనతోపాటు వేడిని పట్టుకుపోతుంది కనుక. కవచం కూడా అలాంటి పనే చేస్తుంది. పైపొర మాడి, వాయువులు వదిలి, కొంత రాలిపోతూ వేడిని బయటికి మోసుకుపోతుంది. తాను కాలుతూ లోపలివాళ్లను కాపాడుతుంది. సముద్రం నుంచి ఎత్తిన క్యాప్సూల్ అంచుల దాకా మసిబారి, గోధుమరంగు మరకలతో కనిపించేది ఇందుకే. 2020లో డ్రాగన్ మొదటిసారి మనుషులను తెచ్చినప్పుడు కవచంలో నాలుగు అతుకుల దగ్గర అనుకున్నదానికన్నా ఎక్కువ అరుగుదల కనిపించింది. తర్వాతి ప్రయాణానికి ముందే ఆ భాగాలను మార్చారు. కవచాన్ని చేతితో తడిమి చూసే అవకాశం ఉండడం తిరిగి వచ్చే నౌకల వల్ల కలిగే పెద్ద లాభం.

ఈ దశలో కొన్ని నిమిషాలు మాట ఆగిపోతుంది. వేడికి గాలిలోని అణువులు విడిపోయి ఎలక్ట్రాన్ల పొర ఒకటి క్యాప్సూల్‌ను కప్పేస్తుంది. రేడియో తరంగాలు దాన్ని దాటలేవు. శుక్లా కుటుంబం ఆ నిమిషాలు ఎలా గడిపిందో ఊహించుకోవచ్చు. మన దేశంలో నా వయసువాళ్లకు ఆ మౌనం మరో రోజును గుర్తు చేస్తుంది. 2003 ఫిబ్రవరి 1. కల్పనా చావ్లా సహా ఏడుగురున్న కొలంబియా స్పేస్ షటిల్ ఇంకో పదహారు నిమిషాల్లో దిగాల్సి ఉండగా టెక్సాస్ ఆకాశంలో ముక్కలైంది. పదహారు రోజుల ముందు పైకి వెళ్లేటప్పుడు ఇంధనపు ట్యాంకు మీది నురుగు ముక్క ఒకటి ఊడి ఎడమ రెక్క అంచుకు తగిలింది. ఆ కన్నంలోంచి మండే గాలి లోపలికి వెళ్లింది. షటిల్‌లో కవచమంతా బయటికి తెరుచుకుని, ట్యాంకు పక్కనే వేలాడుతూ ఉండేది. క్యాప్సూల్ విషయంలో అలా కాదు. అది రాకెట్ నెత్తిన కూర్చుంటుంది, పై నుంచి ఊడి దాని మీద పడేదేమీ ఉండదు. దాని కవచం అడుగున ఉంటుంది. ఆ అడుగును ‘ట్రంక్’ అనే డోలు లాంటి భాగం కప్పి ఉంచుతుంది. వాతావరణంలోకి దిగే కాస్త ముందు ట్రంక్‌ను వదిలేసినప్పుడే కవచం మొదటిసారి బయటి ప్రపంచాన్ని చూస్తుంది. క్యాప్సూల్ పాత పద్ధతి అని కొందరు చిన్నచూపు చూస్తారు. కొలంబియా తర్వాత నేను ఆ మాట అనలేను.

గొడుగుల వంతు

కొన్ని నిమిషాల పాటు లోపలివాళ్ల మీద సొంత బరువుకు నాలుగైదు రెట్లు భారం పడుతుంది. రోజుల తరబడి తేలుతూ గడిపిన ఒంటికి అది పెద్ద పరీక్ష. అందుకే వాళ్లు వెల్లకిలా పడుకుని వస్తారు. నేలకు ఐదున్నర కిలోమీటర్ల ఎత్తుకు చేరేసరికి వేగం గంటకు 560 కిలోమీటర్లకు పడిపోతుంది. ఇక్కడ ఆగి ఒక లెక్క వేద్దాం. 28,000లో 560 అంటే యాభైవ వంతు. వేగం యాభై రెట్లు తగ్గితే శక్తి 2,500 రెట్లు తగ్గుతుంది. అంటే తెచ్చుకున్న ప్రతి 2,500 పాళ్లలో 2,499 పాళ్లను గాలి ఒక్కటే మింగేసింది, ఇంకా ఒక్క పారాచూట్ కూడా విచ్చుకోకముందే. మనం ఫొటోల్లో చూసి మురిసిపోయే ఆ రంగుల గొడుగులు చూసుకునేది మిగిలిన ఆ ఒక్క పాలును.

కానీ ఆ ఒక్క పాలే ప్రాణాలు తీయగలదు. 1967లో రష్యా వ్యోమగామి వ్లదిమిర్ కొమరోవ్ మండే గాలిని క్షేమంగా దాటి వచ్చి, పారాచూట్ విచ్చుకోక నేలను ఢీకొని మరణించారు. డ్రాగన్‌లో ముందు రెండు చిన్న పారాచూట్లు తెరుచుకుని క్యాప్సూల్ ఊగులాటను అదుపులోకి తెస్తాయి. సుమారు రెండు కిలోమీటర్ల ఎత్తులో నాలుగు పెద్దవి వస్తాయి. ఇవి ఒక్కసారిగా విచ్చుకుంటే గాలి తాకిడికి చిరిగిపోతాయి. అందుకే వాటి అంచు చుట్టూ తాడు బిగించి, సంచి మూతిలా కొంచెం కొంచెంగా వదులుతారు. నాలుగింటిలో ఒకటి విఫలమైనా మిగతా మూడూ మోయగలవు. 2021 నవంబరులో నాలుగోది మిగతావాటికన్నా నిమిషానికి పైగా ఆలస్యంగా విచ్చుకున్నా క్యాప్సూల్ క్షేమంగానే దిగింది. చంద్రుడి నుంచి వచ్చిన అపోలో 15 కూడా మూడింటిలో ఒకటి ముడుచుకుపోగా రెండింటితోనే పసిఫిక్‌లో దిగింది. అప్పుడు అనుమానం ఎవరి మీద పడిందో తెలుసా? దిగే ముందు క్యాప్సూల్ బయటికి వదిలిన సొంత ఇంధనం మీద. ఆ ఇంధనాన్ని గుర్తుపెట్టుకోండి, ముప్పావు గంట కథలో అది మళ్లీ వస్తుంది.

చివరికి నీటిని తాకే వేగం గంటకు 25 కిలోమీటర్లు. వీధిలో నిదానంగా పోయే స్కూటర్ వేగం. రెండున్నర మీటర్ల ఎత్తు నుంచి కిందికి దూకితే కాళ్లకు ఎంత తాకిడి ఉంటుందో అంత. గట్టి నేల మీద ఇది ఎముకలు విరిచే దెబ్బ. నీరు కొంత లోపలికి కుంగి ఆ దెబ్బను పీల్చుకుంటుంది.

సముద్రమే ఎందుకు?

నేల మీద దిగేవాళ్లూ ఉన్నారు. రష్యా సోయుజ్ కజకస్తాన్ మైదానాల్లో దిగుతుంది. 1984లో రాకేశ్ శర్మ అలాగే వచ్చారు. నేలకు మీటరు లోపు ఎత్తులో చిన్న రాకెట్లు ఒక్క క్షణం మండి ఆ చివరి దెబ్బను తగ్గిస్తాయి. బోయింగ్ స్టార్‌లైనర్ గాలి దిండ్ల మీద న్యూ మెక్సికో ఎడారిలో దిగుతుంది. డ్రాగన్ కూడా మొదట్లో ఇంజిన్లు మండించుకుంటూ నేల మీదే దిగాలనుకుంది. అది పూర్తిగా నమ్మదగినదని నిరూపించడం చాలా కష్టమని తేలాక 2017లో ఆ ప్రయత్నం మానుకున్నారు. సముద్రం మెత్తన, వైశాల్యానికి కొదవ లేదు, ఇళ్లూ కొండలూ అడ్డురావు. అయితే ఉప్పునీరు లోహానికి శత్రువు. మళ్లీ మళ్లీ ఎగరాల్సిన క్యాప్సూల్‌ను ప్రతిసారీ ఆ ఉప్పు వదిలేలా శుభ్రం చేయాలి. అన్నిటికీ మించి సముద్రానికి సొంత ఇష్టాయిష్టాలున్నాయి. 2024 అక్టోబరులో నలుగురు వ్యోమగాములు సామాన్లు సర్దుకుని కూడా మిల్టన్ తుపాను వల్ల, ఆ తర్వాతి అలల వల్ల రెండు వారాలకు పైగా పైనే వేచి ఉన్నారు. తుపాను హెచ్చరిక విని పడవలు ఒడ్డుకు లాక్కునే మన మత్స్యకారులకు ఈ నిరీక్షణ కొత్త కాదు.

మనుషులను మోసే డ్రాగన్ ఇదివరకు ఫ్లోరిడా చుట్టుపక్కలే దిగేది. సునీతా విలియమ్స్ 2025 మార్చిలో అక్కడే దిగారు, క్యాప్సూల్ చుట్టూ డాల్ఫిన్లు ఎగిరాయి. కొద్ది నెలలకే శుక్లా దేశం అవతలి ఒడ్డున కాలిఫోర్నియాలో ఎందుకు దిగారు? దీనికి కారణం మనం ఇందాక చూసిన ట్రంక్. పాత పద్ధతిలో దాన్ని ఇంజిన్లు మండించకముందే కక్ష్యలో వదిలేసేవారు. అది నెలల తర్వాత ఎప్పుడో, ఎక్కడో రాలేది. మొత్తం కాలిపోతుందనుకున్నారు, కాలలేదు. 2022లో ఆస్ట్రేలియా గొర్రెల క్షేత్రాల్లో, 2024లో కెనడా పొలంలో, అమెరికాలోని నార్త్ కరొలైనాలో పెద్ద ముక్కలు దొరికాయి. ఎవరికీ దెబ్బ తగలలేదు, అది అదృష్టం. ఇప్పుడు ఇంజిన్లు మండించాక ట్రంక్‌ను వదులుతున్నారు. దాంతో అది క్యాప్సూల్ వెనకే అదే దారిలో వచ్చి, క్యాప్సూల్ దిగే చోటికి కాస్త ముందే పడిపోతుంది. నౌక పడమర నుంచి తూర్పుకు వస్తుంది కనుక ఫ్లోరిడాలో దిగితే ఆ ‘కాస్త ముందు’ జనం ఉన్న నేల కావచ్చు. కాలిఫోర్నియాలో దిగితే అది నడి పసిఫిక్. పైనుంచి పడే చెత్తకు కూడా జవాబుదారీ ఉండాలని ఒప్పుకుని ఒక సంస్థ తన మొత్తం ఏర్పాటును ఒక ఒడ్డు నుంచి మరో ఒడ్డుకు మార్చుకుంది. ఈ మార్పు ఇంకా ముందే జరగాల్సింది, కానీ జరిగింది.

ఇక ఆ ముప్పావు గంట

క్యాప్సూల్ దిగగానే వేగంగా వెళ్లే చిన్న పడవలు దాని దగ్గరికి చేరతాయి. మొదటి పడవ చేసే మొదటి పని తలుపు తట్టడం కాదు, గాలిని పరీక్షించడం. డ్రాగన్ చిన్న ఇంజిన్లలో వాడే రెండు ద్రవాలు ఒకదాన్నొకటి తాకితే చాలు, నిప్పురవ్వ అవసరం లేకుండా భగ్గుమంటాయి. అంతరిక్షంలో వందల సార్లు తప్పకుండా వెలగాల్సిన ఇంజిన్లకు ఇది గొప్ప గుణం. ఊపిరితిత్తులకు మాత్రం రెండూ విషమే. వాటిలో ఒకటైన నైట్రోజన్ టెట్రాక్సైడ్ గాలిలో కలిస్తే ఎర్రటి గోధుమరంగు పొగ అవుతుంది.

ఇది ఊరికే పడే భయం కాదు. 1975 జూలైలో అమెరికా, సోవియట్ నౌకలు అంతరిక్షంలో కలిసిన యాత్ర ముగిశాక అపోలో క్యాప్సూల్ తిరిగి వస్తోంది. ఆపాల్సిన ఇంజిన్లు సకాలంలో ఆగలేదు. బయటి గాలిని లోపలికి తీసుకునే కవాటం తెరుచుకునేసరికి ఆ విషవాయువు కూడా లోపలికి వచ్చింది. ముగ్గురూ దగ్గుతూనే సముద్రంలో దిగారు, వాన్స్ బ్రాండ్ స్పృహ కోల్పోయారు. ప్రాణాపాయం తప్పింది, అందరినీ హవాయిలో ఆసుపత్రిలో ఉంచారు. ఆ తర్వాత నలభై అయిదేళ్లు అమెరికా వ్యోమగాములెవరూ సముద్రంలో దిగలేదు. 2020 ఆగస్టు 2న డగ్ హర్లీ, బాబ్ బెంకెన్ డ్రాగన్‌లో పెన్సకోలా దగ్గర దిగినప్పుడు పరీక్షలో కనిపించింది అదే వాయువు. గాలి శుభ్రమయ్యేదాకా తలుపు తెరవలేదు. అదే సమయంలో చూడడానికి వచ్చిన సొంత పడవలవాళ్లు క్యాప్సూల్‌ను చుట్టుముట్టారు. కనిపించని విషపు గాలి ఉండే చోటికి పిల్లాపాపలతో వచ్చిన వాళ్లను ఊహించుకోండి. తర్వాతి యాత్రల నుంచి తీర రక్షక దళం అక్కడ కాపలా కాస్తోంది.

రెండో పడవవాళ్ల పని పారాచూట్లను ఏరడం. తడిసిన గుడ్డ, పొడవైన తాళ్లు నౌక పంకాలకు చుట్టుకుంటే అక్కడితో అంతా ఆగిపోతుంది. పైగా వాటిని పరిశీలిస్తేనే ఎక్కడ ఏ కుట్టు వదులైందో తెలుస్తుంది. మరికొందరు ఊగుతున్న క్యాప్సూల్ మీదికి ఎక్కి తాళ్లు తగిలిస్తారు. పెద్ద నౌక నిదానంగా దగ్గరికి వచ్చి, వెనుక భాగంలోని పెద్ద చట్రంతో క్యాప్సూల్‌ను నీటిలోంచి ఎత్తి, ముందే సిద్ధం చేసిన గూడులో కూర్చోబెడుతుంది. శుక్లా విషయంలో ఆ నౌక పేరు ‘షానన్’. టన్నుల బరువును, లోపల నలుగురు మనుషులుండగా, అలల మీద ఊగే ఒక వస్తువు నుంచి మరో ఊగే వస్తువు మీదికి చేర్చడం అది. కలాసీలు ఉన్న ఊళ్లో పుట్టినవాళ్లకు ఆ పని విలువ వేరే చెప్పక్కరలేదు.

తలుపు తెరిచేది నౌక మీదికి చేరాకే. అపోలో రోజుల్లో నీళ్ల మీదే తెరిచి తెప్పల్లోకి దింపేవారు. 1961లో గస్ గ్రిసమ్ క్యాప్సూల్ తలుపు నీటిలో ఉండగానే ఊడిపోయింది. ఆయన ఈది బతికారు. క్యాప్సూల్ మాత్రం కిలోమీటర్ల లోతుకు మునిగిపోయి 1999లో గాని బయటికి రాలేదు.

తలుపు తెరిచాక కూడా ముందు లోపలికి వెళ్లేది సహాయకులు, వైద్యులు. లోపలివాళ్లు వెంటనే లేచి నడవలేరు. మన చెవి లోపలి భాగంలో పైకీ కిందికీ తేడా చెప్పే అమరిక ఒకటి ఉంటుంది. భారం లేని చోట అది చెప్పే మాటను మెదడు వినడం మానేస్తుంది. భూమి మీదికి రాగానే అది మళ్లీ గట్టిగా మాట్లాడడం మొదలుపెడుతుంది. తల తిప్పితే గది తిరుగుతుంది, కడుపులో దేవుతుంది. పైగా కింద అలలు. శుక్లా పద్దెనిమిది రోజులు, సునీత తొమ్మిది నెలలు అక్కడ గడిపారు. ఎవరినైనా సరే చేతులు పట్టుకుని లేపి బయటికి తెస్తారు. అది నీరసానికి గుర్తు కాదు, జాగ్రత్త. దిగినప్పటి నుంచి గంట లోపు అందరినీ బయటికి తేవాలన్నది నాసా పెట్టుకున్న లెక్క. అమ్మా, నువ్వు అడిగిన ఆలస్యం నిజానికి ఆలస్యం కాదు, అంత త్వరగా చేశారు.

ఎవరి పడవ, ఎవరి పూచీ

1969లో అపోలో 11ను అందుకోవడానికి అమెరికా నౌకాదళపు విమానవాహక నౌక ‘హార్నెట్’ వెళ్లింది, దానిలో అధ్యక్షుడు నిక్సన్ ఎదురుచూశారు. ఇప్పుడు వెళ్లేది ఒక సంస్థ సొంత నౌక. క్యాప్సూల్ కూడా సంస్థదే. నాసా దానిలో సీట్లు కొనుక్కుంటుంది. శుక్లా యాత్రను నడిపింది యాక్సియమ్ అనే మరో సంస్థ, సీటుకు డబ్బు కట్టింది మన ప్రభుత్వం. వాణిజ్య నౌక భూమి మీదికి తిరిగి రావాలన్నా అమెరికా విమానయాన శాఖ అనుమతి కావాలి. అలాంటి మొదటి అనుమతి 2010లో డ్రాగన్‌కే వచ్చింది. ఆ డిసెంబరులోనే అది మనుషులు లేకుండా కక్ష్యకు వెళ్లి పసిఫిక్‌లో దిగింది. ఖర్చు తగ్గిందన్నది నిజమే. కానీ మనుషులను తెచ్చే పనిలో అమెరికా ఎక్కువగా ఒకే సంస్థ మీద ఆధారపడడం నాకు మంచిదనిపించదు. 2014లో నాసా రెండు సంస్థలకు కాంట్రాక్టు ఇచ్చింది ఆ బెంగతోనే. 2024 సెప్టెంబరులో, సునీతను పైకి తీసుకెళ్లిన స్టార్‌లైనర్ మనుషులు లేకుండా తిరిగి రావలసి వచ్చినప్పుడు సునీతను తీసుకురావడానికి ఆ రెండో దారి ఉండడమే అక్కరకు వచ్చింది.

బంగాళాఖాతంలో

ఈ విద్య మన ఒడ్డుకూ కొత్తది కాదు. 2007 జనవరిలో ఇస్రో ఒక చిన్న క్యాప్సూల్‌ను పన్నెండు రోజులు కక్ష్యలో తిప్పి శ్రీహరికోటకు తూర్పున బంగాళాఖాతంలో దింపింది. తీర రక్షక దళం దాన్ని ఒడ్డుకు చేర్చింది. 2014 డిసెంబరులో, మన వ్యోమగాములను పంపబోయే గగన్‌యాన్ నౌకను పోలిన పెద్ద క్యాప్సూల్ అండమాన్ దిక్కున దిగింది. 2023 అక్టోబరు 21న శ్రీహరికోట నుంచి ఎగిరిన పరీక్షా క్యాప్సూల్ తీరానికి సుమారు పది కిలోమీటర్ల దూరంలో దిగి, నీళ్లలో తలకిందులైంది. నౌకాదళం ‘శక్తి’ నౌకతో దాన్ని తెచ్చింది. తలకిందులవడం సిగ్గుపడాల్సిన విషయమేమీ కాదు. అపోలో 11 కూడా దిగగానే బోర్లా పడింది, నెత్తిన ఉన్న మూడు గాలి సంచులు ఉబ్బి దాన్ని నిలబెట్టాయి. కానీ లోపల మనుషులు బెల్టులకు వేలాడే ఆ కొద్ది నిమిషాలకూ ఏర్పాటు ఉండి తీరాలి.

ఆ ఏర్పాట్లలో పెద్ద భాగం విశాఖపట్నంలో జరుగుతోంది. 2023 జూలైలో అక్కడి నౌకాదళ డాక్‌యార్డులో క్యాప్సూల్ బరువు, ఆకారం ఉన్న నమూనాతో పరీక్షలు మొదలయ్యాయి. 2024 డిసెంబరు 6న విశాఖ తీరానికి ఆవల సముద్రంలోనే మరో పద్ధతిని ప్రయత్నించారు. కొన్ని యుద్ధనౌకల వెనుక భాగంలో బావిలాంటి పెద్ద అర ఉంటుంది. దానిలోకి నీళ్లు వదిలితే సముద్రమే నౌక లోపలికి వచ్చినట్లవుతుంది. క్యాప్సూల్ నమూనాకు తాళ్లు కట్టి, నీళ్ల మీద తేలుతుండగానే దాన్ని ఆ అరలోకి లాగారు. సరైన చోట నిలిపాక నీళ్లన్నీ తోడేశారు. గాలిలోకి ఎత్తే పని లేదు, ఊగే పని లేదు. నీరు దిగిపోతుంటే క్యాప్సూల్ మెల్లగా నౌక అడుగున కూర్చుంటుంది. మన వ్యోమగాములు తిరిగొచ్చే రోజున లోపల కూర్చునే, కాలికి తడి అంటకుండా, తలుపు తెరుచుకునే చప్పుడు వింటారు.